లూజు

మా తమ్ముని కొడుకు ఒక ముసలమ్మను ముఖం మీదనే "లూజు" అన్నాడు. మా కళ్ల ముందే అన్నాడు.

కళ్ల ముందంటే ఫోన్‌లో. ఆదివారం సాయంత్రం కందుకూరులో మా ఇంటి అరుగు మీద నేనూ, తమ్ముడూ, మరదలూ జానెడు తెర మీదికి మూడు తలకాయలు వంచి కూర్చున్నాం. పిల్లవాడు లాత్వియా రాజధాని రీగాలో చదువుతున్నాడు. మాట్లాడుతుండగానే అవతల ఎవరో తలుపు తట్టారు. ఫోన్ చేతిలో పట్టుకునే పోయి తీశాడు. గుమ్మంలో తెల్లజుట్టు ఆవిడ. ఆ ఇంటి యజమానురాలట. చేతిలో మూతపెట్టిన గిన్నె. వీడు పక్కకు జరిగి "లూజు!" అన్నాడు. ఆవిడ లోపలికి వచ్చి, గిన్నె అందిస్తూ తనూ "లూజు" అంది. వీడు ఏదో గొణిగాడు. ఆవిడ నవ్వి "లూజు, లూజు" అనుకుంటూ వెళ్లిపోయింది.

మరదలు ముఖం మాడింది. "తల్లి అసుంటి మనిషిని పట్టుకొని లూజంటవారా? నువ్వంటే ఆమె ఊకుంటదా, రెండుసార్లు అన్నది. మంచిగైంది!"

వాడు పడీ పడీ నవ్వాడు. "అమ్మా, ఈడ లూజు అంటే తిట్టు గాదే. మర్యాద. అసుంటి మర్యాద మాట మనకు లేనే లేదు."

ఆ చివరి ముక్క నాకు గుచ్చుకుంది. ముప్పై రెండేళ్లు జిల్లా పరిషత్ బడుల్లో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణి. మర్యాద మాట తెలుగుకు లేదని నా ఇంటి పిల్లవాడే అంటే ఎట్లా ఊరుకుంటాను? "ఏమే, చాయ్!" అని లోపలికి ఒక కేకేసి, తమ్ముని చేతిలోంచి ఫోన్ తీసుకున్నాను. "మనకు లేనిదేందిరా? పండుగకు వస్తవు గద, రా, చెప్త" అన్నాను.

మా ఊళ్లో రాత్రిపూట మేడెక్కితే తుక్కుగూడ దిక్కున విమానాల దీపాలు ఒకదాని వెనక ఒకటి దిగుతూ కనిపిస్తాయి. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచిన కొత్తలో మా బడిపిల్లలు వాటిని లెక్కపెట్టేవాళ్లు. ఇప్పుడు లెక్కపెట్టడం మానేసి ఎక్కుతున్నారు. ఒకప్పుడు కందుకూరంటే శ్రీశైలం బస్సు దారిలో తగిలే ఒక ఊరు, అంతే. ఇప్పుడు వాడకొకరైనా బయటి దేశంలో ఉన్నారు. అమెరికా ఖర్చు అందనివాళ్లకు రీగా లాంటి ఊళ్లు దొరికాయి.

తమ్ముడు ఆ దేశం పేరు మొదటిసారి చెప్పినప్పుడు నేను బడి నాటి అట్లాసు తీసి వెతికాను. బాల్టిక్ సముద్రం ఒడ్డున, పైన ఎస్తోనియా, కింద లిథువేనియా, నడుమ ఇది. విస్తీర్ణం 64 వేల చదరపు కిలోమీటర్ల పైన, అంటే తెలంగాణలో సగానికి కాస్త ఎక్కువ. జనాభా 19 లక్షల లోపు. మా రంగారెడ్డి జిల్లా ఒక్కటే 2011 లెక్కల్లో 24 లక్షలు దాటింది. ఒక జిల్లాకు చాలని జనం, ఒక దేశం! ఆ భాష పుట్టుకతో వచ్చినవాళ్లు 15 లక్షల మంది ఉంటారేమో. తెలుగువాళ్లం 2011 నాటికే ఈ దేశంలో 8 కోట్ల పైన. అయినా వాళ్ల భాష 2004 నుంచి ఐరోపా సమాఖ్య అధికార భాషల్లో ఒకటి. అక్కడ చట్టం చేస్తే లాత్వియన్‌లో కూడా అచ్చు కావలసిందే. సోవియట్ పాలన కింద దాదాపు యాభై ఏళ్లు రష్యన్ నీడలో బతికిన భాష. 1991లో దేశం మళ్లీ స్వతంత్రమైంది. 1999లో భాషా చట్టం తెచ్చుకున్నారు. నలుగురితో పనిపడే ఉద్యోగమైతే ఆ భాష రావాలి. నాకు కొంచెం అసూయ కలిగింది, దాచుకోవడం ఎందుకు. మన దగ్గర దుకాణం బోర్డు మీద తెలుగు రాయించడానికే ఎన్ని తంటాలు!

జనవరిలో వాడు వచ్చాడు. ఒక్కడే రాలేదు. తనతో చదివే అమ్మాయిని, అక్కడి పిల్లను, సంక్రాంతి చూపిస్తానని వెంటబెట్టుకొచ్చాడు. పేరు చెప్పను. మా ఆవిడ "బిడ్డా" అని పిలిచేది, మనకూ అది చాలు. ఆ రోజుల్లో రీగాలో పొద్దున తొమ్మిదికి గాని తెల్లారదట, సాయంత్రం నాలుగు కొట్టేసరికి పొద్దు గూకుతుందట. మా వాకిట్లో ఎండ చూసి ఆ పిల్ల రెండు చేతులూ చాపి, పిండారబోసిన చేట పక్కన తనూ కాసేపు ఆరింది.

శంషాబాద్ నుంచి ఇంటికి తెచ్చింది నేనే. గేటు ముందు కారాపి హారన్ కొట్టాను. ఎవరూ రాలేదు. దిగి, "ఏమే!" అన్నాను. గేటు తెరుచుకుంది. మా ఆవిడ చేతుల నిండా పిండి. వెనక సీట్లోంచి ఆ పిల్ల ఇదంతా కళ్లు విప్పార్చుకొని చూసింది. చేతిలో నీలం అట్ట నోటుబుక్కు. కొత్త భాష వినబడితే రాసుకోవడం ఆమెకు అలవాటని మావాడు దారిలోనే చెప్పాడు.

ఆ సాయంత్రమే పంచాయితీ మొదలైంది. "చెప్పరా, నీ లూజు సంగతేంది" అన్నాను.

"పెద్దనాయినా, పోయిన కొత్తల నాలుగు నెలలు ఆ ఒక్క మాట మీదనే బతికిన" అని మొదలుపెట్టాడు. చదువు పొద్దున, సాయంత్రం సైకిల్ మీద హోటల్ తిండి డబ్బాలు ఇండ్లకు చేరవేసే పని. "మూడో అంతస్తుకు ఎక్కి గంట కొడ్త. లోపలికెంచి 'లూజు?' అంటరు. అంటే ఎవరు, ఏం గావాలె అని. తలుపు తీస్తరు. నేను డబ్బా ముందట పెట్టి 'లూజు' అంట. అంటే ఇగో, తీస్కోండ్రి అని. వాళ్లు 'పల్దియెస్' అంటరు, థ్యాంక్స్ అన్నట్టు. నేను మళ్ల 'లూజు' అంట. అయ్యో, దాందేముంది అని. వాళ్లేదో అడుగుతరు, నాకు తెల్వది. 'లూజు?' అంట. అంటే ఏమన్నరు, మళ్ల చెప్పుండ్రి అని. ఒక్క గడపల నాలుగు లూజులు. ఇగ నాకేమన్న గావాలంటే, నీళ్లు, లూజు, దారి, లూజు. ప్లీజ్ అని. ఇంటికి పిలిచినా అదే. ముసలామె వస్తే జరిగి లూజు అన్న గద, లోపలికి రాండ్రి అని."

ఆ పిల్ల పక్కన కూర్చుని నవ్వుతోంది. "ఈ ఒక్క మాటతో మా దేశంలో ఒక వారం గడపొచ్చు. రెండో వారానికి పల్దియెస్ కూడా కావాలి" అంది ఇంగ్లీషులో.

నిజం చెప్పాలంటే ఆ మాట శబ్దం నన్ను ముందే పట్టుకుంది. ఇంగ్లీషు వాళ్లకు ఆ జ పలకడం కష్టమట. మావాడికి మొదటి రోజే నాలుక తిరిగింది. ఎందుకు తిరగదు? మన దంత్య జకారమే అది. జడ, జొన్న, గాజు, మోజు అనేటప్పుడు నాలుక పళ్లకు తగిలి పుట్టే జ. జాతి, జీవి అన్నప్పటి జ కాదు. పాత నిఘంటువుల్లో ఈ జ నెత్తిన చిన్న గుర్తు పెట్టి వేరు చేసేవాళ్లు. ఇప్పుడు రాతలో రెండూ ఒకటే, నోట్లోనే తేడా. "బూజు అను" అన్నాను ఆ పిల్లతో. అంది. "బు తీసి లు పెట్టు." పెట్టింది. చప్పట్లు కొట్టింది. మూలన వేలాడుతున్న బూజు చూపించి దాని అర్థం చెబితే మాత్రం కొంచెం చిన్నబోయింది. "ఏమే, బూజు దులిపి ఎన్నాళ్లయింది?" అని నేను లోపలికి అడగడం కూడా అప్పుడే.

తెలుగు పంతులుకు వ్యాకరణం దొరికితే వదలడు. వాళ్లకు ఏడు విభక్తులున్నాయట. మన రాముడు, కృష్ణుడు చివర డు ఎట్లాగో, వాళ్ల మగపేర్ల చివర స్ అట్లా. పరాయి దేశపు పేరునూ వదలరు. అమెరికా అధ్యక్షుడు జార్జి బుష్‌ను వాళ్ల పత్రికలు జార్జ్స్ బుష్స్ అని రాశాయి. మావాడి పేరు చివర కూడా ఆ పిల్ల ఒక స్ తగిలించే పిలిచేది. దేవుణ్ణి దియెవ్స్ అంటారు, నిప్పును ఉగున్స్ అంటారు, తేనెను మెదుస్ అంటారు, రోజును దియెన అంటారు. దేవ, అగ్ని, మధు, దిన. సంస్కృతానికి ఎన్నడో విడిపోయిన అక్కచెల్లెళ్ల బిడ్డలు, మొహాల్లో పోలిక మిగిలింది. పల్దియెస్‌లో కూడా ఆ దేవుడే ఉన్నాడట. దేవుడు నీకు తోడుపడుగాక అనే పాత దీవెన అరిగి అరిగి అంతయింది.

"మరి లూజు?" అని అడిగాను.

లూగ్ట్ అనే ధాతువట. వేడుకోవడం. లూగ్షన అంటే ప్రార్థన. లూజు అంటే అచ్చంగా 'వేడుకుంటున్నాను'. మన క్రియ చివర 'ను' ఉంటే నేను అని వేరే చెప్పనక్కర్లేదు కదా, వాళ్లకు చివరి 'ఉ' ఆ పని చేస్తుంది. అంటే తిండి డబ్బా అందుకునేవాడూ, ఇచ్చేవాడూ, వినబడక మళ్లీ చెప్పమనేవాడూ, ఇంట్లోకి రమ్మనేవాడూ, అందరూ ఒకరినొకరు వేడుకుంటున్నారన్నమాట. ఇంత చిన్న మాటలో అంత వినయం. బాగుందనిపించింది. పైకి అనలేదు.

"ఇప్పుడు మీరు చెప్పండి" అని ఆ పిల్ల నోటుబుక్కు తెరిచింది. "తెలుగులో లూజు ఏమిటి?"

గొంతు సవరించుకున్నాను. "ఏమే, నీళ్లు" అన్నాను. నీళ్లు వచ్చాయి. తాగి మొదలుపెట్టాను.

దయచేసి అనే మాట ఉంది. అందమైన మాట. కానీ ఇంట్లో దయచేసి ఉప్పు అందించండి అంటే కూర బాగాలేదని ఎత్తిపొడిచినట్టు ఉంటుంది. ఆ మాట గుడి ముందు చెప్పుల దగ్గర బోర్డు మీద ఉంటుంది. రైల్వే స్టేషన్ మైకులో 'దయచేసి వినండి' అని ఉంటుంది. మనిషి నోట వినాలంటే సభలోనో, దరఖాస్తులోనో. దానికి అన్న ఉన్నాడు, దయచేయండి. పూర్వం ఇంటికొచ్చిన పెద్దమనిషిని దయచేయండి అనే లోపలికి పిలిచేవాళ్లు. కోపం వస్తే అదే మనిషికి అదే మాట: ఇక దయచేయండి. అదే తలుపు, అదే మాట, అడుగు మాత్రం అటు తిప్పాలి. ఆ పిల్ల దీన్ని చాలాసేపు రాసుకుంది.

"రెండోది, మా తెలంగాణ మాట, జర" అన్నాను. ఉర్దూ నుంచి వచ్చింది. అసలు అర్థం కొంచెం. జర ఇటు రా, జర ఆగు, జర చూడు. బస్సులో జర జరుగు అన్నామనుకో, రెండు జలూ మా నాలుకకు ఒకటే, లూజులో జ కూడా అదే. అటు ఆంధ్ర దిక్కు కాస్త అంటారు, కొంచెం అంటారు. అడిగేది కొండంత అయినా కొంచెం అనే అడగడం మనవాళ్ల మర్యాద. అప్పు అడిగేవాడు 'జర పైసలు గావాలె' అనే వస్తాడు, చూడండి, ఎంత అని మనమే అడగాలి.

"కానీ పెద్దనాయినా, జర అడిగేటప్పుడు పనికొస్తది. ఇచ్చేటప్పుడు జర అంటవా? ఇననప్పుడు జర అంటవా?" అన్నాడు మావాడు.

వాడి నోరు మూయించడానికి అసలు బాణం తీశాను. తెలుగు మర్యాద మాటలో ఉండదు, క్రియ తోకలో ఉంటుంది. రా అంటే చనువు. రండి అంటే గౌరవం. మా దిక్కున రాండ్రి. ఆ 'అండి' ఒక్కటి తగిలిస్తే చాలు, ఇంగ్లీషు ప్లీజ్‌లు పది పెట్టినా అందనంత మర్యాద. సార్ అండి, ఫోన్ అండి, ఆఖరికి హలో అండి. "ఏ మాట రాకపోయినా ఫరవాలేదు బిడ్డా, వచ్చిన మాటకు అండి చేర్చు. ఎవరూ తప్పు పట్టరు." ఆ పిల్ల ఈ వాక్యం కింద రెండు గీతలు గీయడం నేను చూశాను. గురువుకు అంతకంటే ఏం కావాలి?

"మరి పల్దియెస్‌కు?" అంది.

"ధన్యవాదాలు, కృతజ్ఞతలు. కానీ ఇంట్లో అనం."

"ఎందుకని?"

"సొంతవాళ్లకు చెబితే పరాయివాళ్లను చేసినట్టు. అన్నం పెట్టిన ఇల్లాలికి థ్యాంక్స్ చెబితే ఆమెకే బాధ. మా దగ్గర అంతా మనసులో ఉంటుంది, నోటిదాకా రాదు."

చాయ్ గ్లాసులు తీసుకుపోవడానికి వచ్చిన మా ఆవిడ ఏదో అనబోయింది. "ఆమెనే అడుగు, కావాలంటే" అని నేనే చెప్పేసి, గ్లాసు చేతికిచ్చాను. "ఏమే, ఇగో." ఆవిడ తీసుకుని వెళ్లిపోయింది.

ఆ పిల్ల కలం నోట్లో పెట్టుకుని ఆలోచించింది. "లూజు లాగ నాలుగు పనులకూ పనికొచ్చే ఒక్క మాట మీకు ఉండే ఉంటుంది. ప్రతి ఇంట్లో ఉంటుంది. రోజూ వాడే మాట మనకే వినబడదు. నేను వింటాను" అంది.

"ఇను బిడ్డా, ఇను" అన్నాను దర్జాగా.

ఇక నాలుగు రోజులు ఆ పిల్ల నన్ను వదిలేసి వంటింటి దిక్కు మళ్లింది. సకినాల పని జోరుగా నడుస్తోంది. కొత్త బియ్యం నానబోసి పట్టించిన తడిపిండి, నువ్వులు, వాము, ఉప్పు. నేల మీద ఉతికిన తెల్లపంచె పరిచి, వాడకట్టు ఆడవాళ్లు చుట్టూ కూర్చుని, పిండిని మూడు వేళ్ల నడుమ మెలితిప్పుతూ చుట్లు చుట్లుగా దించుతారు. చూస్తే ఏమీ లేదనిపిస్తుంది. చేస్తే తెలుస్తుంది. ఆ పిల్ల చుట్టిన మొదటి సకినం సగం చుట్టులోనే తెగింది, రెండోది చదరంగా వచ్చింది. మా ఆవిడ ఆమె బొటనవేలు పట్టుకుని, పిండి జారే వేగం వేలికి నేర్పింది. భాష లేదు మధ్యన. "గట్ల గాదు", "ఆఁ, గట్ల", అంతే. సాయంత్రానికి గుండ్రటి సకినం ఒకటి పడింది. దాన్ని వేయించి, ఆ పిల్లే తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టి, "లూజు" అంది. మా ఆవిడ ఏమనుకుందో, దాన్ని తినకుండా కొంగున కట్టుకుంది.

నేను మధ్యమధ్య అటు పోతూనే ఉన్నాను. కందుకూరు చౌరస్తాలో కూరగాయలు కొని సంచి గడపలో పెట్టి "ఏమే!" అనడం, వంటింట్లోంచి ఆవిడ ఏదో అంటే మిక్సీ చప్పుడులో వినబడక "ఏమే?" అనడం, ఇట్లాంటి మామూలు రాకపోకలే. ఒకసారి నేను గుమ్మంలో నిలబడేసరికి లోపల ఆడవాళ్లంతా పకపకా నవ్వుతున్నారు. నన్ను చూసి ఒక్కసారి ఆపేశారు. ఆ పిల్ల నోటుబుక్కు మూసింది. సకినాల గురించే అయి ఉంటుందనుకున్నాను.

సంక్రాంతి నాడు మధ్యాహ్నం ఇల్లు నిండింది. మా బామ్మర్ది కుటుంబం, తమ్ముని కుటుంబం, మరదలి పుట్టింటివాళ్లు. వాకిట్లో టెంటు కింద రెండు వరసలు విస్తళ్లు. నా పక్కన బామ్మర్ది, ఎదురుగా ఆ పిల్ల, చీర కట్టించారు. మా బామ్మర్దికి నా పాండిత్యం మీద ఎప్పుడూ కొంచెం చిన్నచూపు. ఆ రోజు తీర్చుకుందామనుకున్నాను.

"ఐదు రోజుల్ల తెలుగు మర్యాద మొత్తం నేర్పిన ఈ పిల్లకు" అన్నాను అందరికీ వినబడేట్టు. "మన యూనివర్సిటీలకు ఐదేండ్లు పడ్తది."

"ఏదీ బావా, ఒక మాట అనిపియ్యి" అన్నాడు బామ్మర్ది.

"బిడ్డా, నాకేమన్న చెప్పు. ఏదన్న అడుగు. తెలుగుల. మర్యాదగ."

ఆ పిల్ల లేచి నిలబడింది. పమిట సర్దుకుంది. రెండు చేతులూ జోడించి, నా కళ్లలోకి చూసి, స్పష్టంగా, ప్రతి అక్షరం విడివిడిగా, అంది:

"ఏమే అండీ! నీళ్లు."

రెండు వరసల్లోనూ నములుడు ఆగింది. మా బామ్మర్ది నోట్లో పప్పన్నం ముద్ద అట్లాగే ఉండిపోయింది, కళ్లలోంచి మాత్రం నీళ్లు కారడం మొదలైంది. తమ్ముడు విస్తరిలోకి తల దించాడు. మరదలు పెరుగు గిన్నెతో లోపలికి పరుగెత్తింది. మావాడు మాత్రం తెల్లబోయి, "నాకు తెల్వది పెద్దనాయినా, నేను నేర్పలే, ఒట్టు" అన్నాడు. వాడి తప్పేమీ లేదు. పండుగ నాలుగు రోజులూ దోస్తులతో శంకరపల్లి, శ్రీశైలం అంటూ తిరిగినవాడు.

ఆ పిల్లకు ఏదో తేడా కొట్టినట్టుంది. ముఖం ఎర్రబడింది. "అండి చేర్చాను కదా?" అంది, సాయం కోసం చుట్టూ చూస్తూ.

"ఎవరు చెప్పిండ్రు నీకు ఈ మాట?" అన్నాను. గొంతు నాదిలాగ లేదు.

"మీరే."

నీలం అట్ట నోటుబుక్కు తెచ్చి, నా విస్తరి పక్కన తెరిచి పెట్టింది. పేజీ నెత్తిన లూజు అని వాళ్ల లిపిలో, దీర్ఘానికి ఊ నెత్తిన అడ్డగీతతో. కింద నాలుగు గళ్లు. ఒకటి, ఏదైనా కావాలంటే: ఏమే, నీళ్లు. ఏమే, చాయ్. రెండు, ఏదైనా ఇచ్చేటప్పుడు: ఏమే, ఇగో. మూడు, వినబడనప్పుడు: ఏమే? నాలుగు, తలుపు దగ్గర: ఏమే! ప్రతి గడికి ఎదురుగా ఎన్నిసార్లు విన్నదో లెక్క. నాలుగు గీతలు, వాటికి అడ్డంగా ఐదోది, ఐదేసి కట్టలు. నలభై దాకా లెక్కపెట్టి ఆపేశాను. ఎదుటి పేజీ నెత్తిన పల్దియెస్ అని ఉంది. దాని కింద ఒక్క గీత కూడా లేదు.

"అర్థం తెలియకుండ రాసుకుంటరా? ఎవర్నన్న అడుగొద్దా?" అన్నాను, ఇక ఏమనాలో తెలియక.

"అడిగాను" అంది ఆ పిల్ల, మా ఆవిడ వైపు చూస్తూ.

మా ఆవిడ నీళ్ల చెంబుతో వరసలోకి వచ్చింది. ముందు ఆ పిల్ల గ్లాసు నింపింది. తర్వాత నాది.

"ఆ పిల్లను ఏమనకుండ్రి" అంది. "గా మాటకు అర్థమేందని నన్నే అడిగింది. ప్లీజ్ అని నేనే చెప్పిన. ముప్పై ఆరేండ్ల సంది అట్లనే అనుకొని లేస్తున్న."